డిసెంబరు 16 ప్రసంగం: అరుణ్ ఖేతర్‌పాల్ గురించి పిల్లలకు ఏం చెప్పాలి?

చాక్‌పీసు
విజయ్ దివస్ నాడు మా పాఠశాల ప్రార్థన సమయంలో పది నిమిషాలు మాట్లాడే బాధ్యత ఈసారి నా మీద పెట్టారు. 1971 యుద్ధంలో మరణించిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ గురించి మాట్లాడదామనుకుని, తొమ్మిదో తరగతి పిల్లలను వారికి తెలిసింది రాసుకు రమ్మన్నాను. వారు ఇళ్ళలోని ఫోన్ల నుంచి ఎత్తి రాసుకొచ్చిన మూడు కాగితాలలో మూడు వేర్వేరు కథలున్నాయి. ఒక కాగితం ప్రకారం ఆయన ఒక్కడే పది ట్యాంకులను ధ్వంసం చేశాడు. రెండో కాగితం ప్రకారం పరమవీర చక్ర పొందినవారిలో అందరికంటే చిన్నవాడు ఆయనే. మూడో కాగితంలో ఆయన మరణించే ముందు రేడియోలో ఇచ్చిన సందేశం ఒక పేజీ నిడివి ఉన్నది. మండుతున్న ట్యాంకులో కూర్చున్న మనిషికి అంత తీరిక ఎక్కడిదని ఒక పిల్లవాడే నన్ను అడిగాడు. ఇరవై ఒక్క ఏళ్ళకే ప్రాణమిచ్చిన మనిషిని తలచుకోవడానికి ఇన్ని అలంకారాలు అవసరమా? అసలు సంగతి తెలిసినవారు చెప్పండి.

నిదానం
రెండో కాగితం సంగతి తేలిక. 1972లో ఆ మాట నిజమే. 1999లో కార్గిల్ యుద్ధంలో గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పందొమ్మిదేళ్ళకే పరమవీర చక్ర వచ్చింది. నిజం పాతబడింది, సందేశం మాత్రం పాతబడలేదు.

పాతట్యాంకు
నేను కవచ దళంలో, అంటే ట్యాంకుల దళంలో, ఇరవై నాలుగేళ్ళు పనిచేసి విరమించినవాణ్ణి కనుక మొదటి కాగితం సంగతి నేను చెబుతాను. ఆ రోజు ఆ పోరులో పది శత్రు ట్యాంకులు ధ్వంసమైన మాట వాస్తవం. వాటిలో అరుణ్ స్వయంగా ధ్వంసం చేసినవి నాలుగని ఆయన ప్రశంసాపత్రమే చెబుతుంది. నాలుగు తక్కువని ఎవరికైనా అనిపిస్తే, అది ట్యాంకు లోపలికి ఎన్నడూ దిగనివారికే అనిపించాలి.

జరిగింది క్రమంగా చెబుతాను. పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ ప్రాంతంలో బసంతర్ అనే చిన్న నది ఉంది. మన 47వ పదాతి బ్రిగేడు ఆ నది దాటి అవతలి ఒడ్డున కొంత నేల పట్టుకున్నది. పదాతి దళం ఒక్కటే ట్యాంకుల దాడిని తట్టుకోలేదు కాబట్టి అరుణ్ రెజిమెంటైన 17 పూనా హార్స్ ట్యాంకులు వెంటనే నది దాటవలసి వచ్చింది. మధ్యలో మందుపాతరల క్షేత్రం ఉన్నది. ఇంజనీర్లు దానిని పూర్తిగా శుభ్రం చేయకముందే, లెఫ్టినెంట్ కల్నల్ హనూత్ సింగ్ నాయకత్వంలో రెజిమెంటు ఆ దారినే ముందుకు సాగింది. డిసెంబరు 16 ఉదయం పాకిస్తాన్ కవచ దళం ఎదురుదాడి చేసినప్పుడు, జర్‌పాల్ గ్రామం వద్ద ఉన్న రెజిమెంటులోని బి స్క్వాడ్రన్ అనే ట్యాంకుల జట్టు సాయం కావాలని రేడియోలో కోరింది. ఎ స్క్వాడ్రన్ నుంచి మూడు ట్యాంకులు వెళ్ళాయి, వాటిలో ఒకటి అరుణ్‌ది. మిగిలిన రెండింటిలో ఒకదాని ఫిరంగి మొరాయించింది, ఇంకొకటి దెబ్బతిన్నది. చివరికి ఆ ఖాళీలో నిలబడింది ఒక్క ట్యాంకు. ఈయన కథలో ఒంటరితనం అనే మాట వాడాలంటే ఇక్కడ వాడాలి, లెక్కలో కాదు.

ప్రశ్నార్థకం
ఆ ట్యాంకులో ఆయన ఒక్కడే ఉన్నాడా?

పాతట్యాంకు
మంచి ప్రశ్న అడిగారు. సెంచూరియన్ ట్యాంకులో నలుగురు ఉంటారు. కమాండరు, గురిపెట్టే గన్నరు, గుండ్లు నింపుతూ రేడియో కూడా చూసే మనిషి, డ్రైవరు. ఆ ట్యాంకు పేరు ఫామగుస్తా. అది సైప్రస్ దీవిలోని ఒక రేవు పట్టణం పేరు. అరుణ్‌తో పాటు అందులో సవార్ (కవచ దళంలో సిపాయి హోదా) నంద్ సింగ్ కూడా మరణించాడు. గన్నరు నాథూ సింగ్, డ్రైవరు ప్రయాగ్ సింగ్ గాయాలతో బతికారు. టీచరు గారూ, మీ పది నిమిషాలలో అర నిమిషం ఈ మూడు పేర్లకు కేటాయించండి. ఏ సందేశంలోనూ ఇవి కనిపించవు.

చాక్‌పీసు
తప్పకుండా చెబుతాను. నిజం చెప్పాలంటే నేనూ ఇప్పటిదాకా ఒక్కడినే ఊహించుకున్నాను.

కారెంపూడి_కుర్రాడు
అలంకారాల మీద టీచరు గారికి అంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు. మా ఊళ్ళో వీరుల గుడి ఉంది. ఏటా కార్తికంలో పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది. వీరాచారం పాటించేవారు ఎక్కడెక్కడి నుంచో తమ ఆయుధాలు పట్టుకుని వచ్చి, నాగులేటిలో వాటికి స్నానం చేయిస్తారు. బాలచంద్రుడు ఎంతమందిని నరికాడో లెక్క రాసిన కాగితం ఎవరి దగ్గరా లేదు. అయినా ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ఆ కుర్రవాణ్ణి మరచిపోలేదంటే, పాడినవాళ్ళు పెంచి పాడారు కనుకనే కదా? పది అన్నా నాలుగు అన్నా పిల్లల గుండెలో పడవలసింది ఒకటే.

నిదానం
బాలచంద్రుడి కాలంలో ప్రశంసాపత్రాలు టైపు కొట్టేవారు లేరు తమ్ముడూ. తెలియనప్పుడు పెంచి పాడటం వేరు, తెలిసి పెంచడం వేరు.

రాతిబొమ్మ
కారెంపూడి సోదరుడు తెచ్చిన పోలిక నాకు నచ్చింది, కానీ దాని నుంచి నేను తీసుకునే అర్థం వేరు. పాత వీరగల్లులను చూడండి. రాతి మీద కత్తి పట్టిన మనిషి, పైన అతనిని స్వర్గానికి తీసుకువెళ్ళే అప్సరసలు ఉంటారు. శాసనం ఉంటే పశువుల మంద కోసమో ఊరి కోసమో చనిపోయాడని రెండు ముక్కలు ఉంటాయి. చెక్కినవాడు ఎంతమందిని చంపాడన్నది పట్టించుకోడు, ఎందుకు చనిపోయాడన్నదే రాస్తాడు. అన్నిటికంటే ముఖ్యం, చాలా వీరగల్లులు మనిషి పడిన ఊరి దగ్గరే నిలిపినవి.

అరుణ్ విషయంలో ఆ అవకాశమే లేదు. ఆయన పడిన జర్‌పాల్ పాకిస్తాన్‌లో ఉంది. 1972 జూలై 2న సిమ్లా ఒప్పందం కుదిరింది, ఆ ప్రకారం మన సైన్యం పట్టుకున్న షకర్‌గఢ్ భూభాగం తిరిగి వెళ్ళిపోయింది. ప్రాణమిచ్చి పట్టుకున్న నేల ఏడాది తిరిగేసరికి మనది కాకుండా పోయింది. స్మారకం ఎక్కడ కట్టాలి?

ప్రశ్నార్థకం
అయితే ఆయన వృథాగా చనిపోయినట్టేనా? తప్పుగా అడిగి ఉంటే క్షమించండి.

పాతట్యాంకు
తప్పేమీ లేదు, ఈ ప్రశ్న మేమూ మెస్సులో అడుగుకునేవాళ్ళం. ఆ ఉదయం ఆ ఖాళీ గుండా శత్రు ట్యాంకులు దూసుకువస్తే, నది దాటిన పదాతి దళం నదికీ ట్యాంకులకూ మధ్య చిక్కుకునేది. మేజర్ హోషియార్ సింగ్ తన గ్రెనేడియర్లతో జర్‌పాల్‌లోనే ఉన్నాడు. అదే పోరుకు ఆయనకూ పరమవీర చక్ర వచ్చింది, ఆయన బతికి దానిని అందుకున్నాడు. నేల తిరిగి ఇవ్వడం రాజకీయ నిర్ణయం. ఆ రోజు కాపాడినది నేలను మాత్రమే కాదు.

ఆవకాయ_అంతర్జాలం
రేడియో మాట గురించి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పిల్లలు లేనప్పుడు చదవండి: ట్యాంకు వదలను, నా ప్రధాన ఫిరంగి ఇంకా పనిచేస్తోంది, ఈ వెధవల సంగతి చూస్తాను, ఇంతే ఆయన అన్నది. అసలు ఆంగ్లంలో చివరి మాట వెధవల కంటే నాలుగు రెట్లు ఘాటైనది. ఫోన్ సందేశాలు ఆ మాటను తీసేసి, దాని స్థానంలో భరతమాత మీద ఒక దండకం పెట్టాయి.

చాక్‌పీసు
ఆ మాట ప్రార్థన సమయంలో అనలేను, ఉద్యోగం పోతుంది. అయినా ఆ కుర్రవాడు కుర్రవాడిలాగానే మాట్లాడాడని తెలిసి నాకు ఎందుకో తృప్తిగా ఉంది.

నిదానం
అసలు చర్చ ఇక్కడ రావాలి. ట్యాంకు మండుతున్నది, వెనక్కి రమ్మని పై అధికారి ఆజ్ఞ ఇచ్చాడు, ఈయన రానన్నాడు. సైన్యంలో దీనిని ఆజ్ఞ ధిక్కరించడం అంటారు. మనం పిల్లలకు రోజూ చెప్పేది పెద్దల మాట వినమని. ఆ రోజు మాత్రం వినని కుర్రవాణ్ణి చూపించి చప్పట్లు కొట్టమంటున్నాం.

కారెంపూడి_కుర్రాడు
బాలచంద్రుడు కూడా యుద్ధానికి వద్దన్నా వెళ్ళినవాడే. మళ్ళీ అక్కడికే వచ్చాం చూడండి.

పాతట్యాంకు
ధిక్కరించడం అనకూడదు. వెనక ఉన్న అధికారికి తెలిసింది ట్యాంకుకు నిప్పంటుకున్నదని మాత్రమే. ముందు ఉన్న కమాండరుకు తెలిసింది తన ఫిరంగి పనిచేస్తున్నదని, పక్క ట్యాంకులు రెండూ పనికిరాకుండా పోయాయని, తాను కదిలితే ఆ ఖాళీ తెరుచుకుంటుందని. కళ్ళతో చూస్తున్నవాడి మాటకు కవచ దళంలో విలువ ఉంటుంది. ఆయన చివరగా కొట్టిన ట్యాంకు ఆయనకు వంద మీటర్ల లోపలే ఉన్నది. మా శిక్షణలో వంద మీటర్లు అంటే గురి చూడటం కాదు, ముఖాముఖి చూసుకోవడం. నిదానం గారి సందేహం సబబైనదే, కానీ పిల్లలకు చెప్పవలసింది పెద్దల మాట కాదన్నాడని కాదు, తన కళ్ళ ముందు ఉన్నది ఏమిటో స్పష్టంగా చెప్పి ఉండిపోయాడని.

నిదానం
సరే, ఒప్పుకుంటున్నాను. పూర్తిగా కాదు.

గోదారిగట్టు
ఇంతసేపూ ఆయన ఎలా చనిపోయాడన్నదే మాట్లాడుతున్నాం. బతికిన ఇరవై ఒక్క ఏళ్ళ సంగతి ఎవరైనా చెబుతారా?

రాతిబొమ్మ
1950 అక్టోబరు 14న పుణేలో పుట్టాడు. వారిది దేశ విభజనకు ముందు సర్గోధా ప్రాంతపు కుటుంబం. తండ్రి ఎం.ఎల్. ఖేతర్‌పాల్ సైన్యంలో ఇంజనీరు, బ్రిగేడియరుగా విరమించారు. సనావర్‌లోని లారెన్స్ స్కూలులో చదువుకున్నాడు, 1967లో జాతీయ రక్షణ అకాడమీలో చేరాడు, తరువాత దెహ్రాదూన్ సైనిక అకాడమీకి వెళ్ళాడు. 1971 జూన్ 13న పూనా హార్స్‌లో అధికారి అయ్యాడు. డిసెంబరు 16కు ఆయన సర్వీసు ఆరు నెలల మూడు రోజులు. యుద్ధం ముంచుకు వచ్చేసరికి అహ్మద్‌నగర్‌లో యువ అధికారుల కోర్సు చదువుతున్నాడు; కోర్సు మధ్యలోనే పిలుపు వచ్చింది. లాహోరులో గోల్ఫు ఆడుకుంటానని తన గోల్ఫు కర్రలు, విజయోత్సవ విందులో వేసుకోవడానికి నీలం రంగు లాంఛనపు దుస్తులు పెట్టెలో పెట్టుకున్నాడని ఆయన గురించి చెప్పుకుంటారు.

ఆవకాయ_అంతర్జాలం
యుద్ధానికి గోల్ఫు కర్రలు సర్దుకున్న మనిషి నాకు దండకం చదివిన మనిషి కంటే బాగా నచ్చాడు. మా అబ్బాయి హాస్టలుకు వెళ్తూ దుప్పటి మరచిపోయి క్రికెట్ బ్యాటు మాత్రం గుర్తుగా పెట్టుకున్నాడు. ఆ వయసు అంతే.

గోదారిగట్టు
నేను అడిగింది ఒక కారణం ఉండి అడిగాను. మా చిన్నాన్న 1971లో పశ్చిమ సరిహద్దు నుంచి తిరిగి రాలేదు. అధికారి కాదు, సిపాయి. పతకమేమీ రాలేదు. యుద్ధం ముగిసింది, ఇక వస్తాడని మా నానమ్మ పొయ్యి అలికి ఎదురు చూస్తున్న రోజుల్లో తంతి వచ్చింది. అరుణ్ తల్లిదండ్రులకు కూడా కాల్పుల విరమణ తరువాత కొన్నాళ్ళకు గానీ కబురు అందలేదని చదివినప్పుడు నాకు మా ఇల్లే కనిపించింది. డిసెంబరు 17 రాత్రి తుపాకులు ఆగాయి. కబురు తెలియని ఇళ్ళలో ఆ తరువాత కొన్ని రోజులు పండుగే.

తంతి వచ్చిన వారానికి చిన్నాన్న అంతకుముందే పంపిన మనియార్డరు వచ్చింది. నానమ్మ వేలిముద్ర వేయనన్నది. తపాలా ఆయన మూడు రోజులు తిరిగాడు. నాలుగో రోజు ఆయనే అరుగు మీద కూర్చుని ఏడ్చాడట, అప్పుడు వేసింది.

మా ఊరి బస్సు షెల్టరుకు చిన్నాన్న పేరు పెట్టారు. ఇప్పుడు ఆ పేరు మీద పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలు కడుతున్నారు. ఏడాదికి ఒకసారి నేను వెళ్ళి విప్పదీస్తాను, మరుసటి నెలకు ఇంకొకటి ఉంటుంది. స్మారకం ఎక్కడ కట్టాలని రాతిబొమ్మ గారు అడిగారు. కట్టడం కష్టం కాదు.

చాక్‌పీసు
మీరు రాసినది రెండుసార్లు చదివాను.

మిలటరీ_మాధవరం
మాది పశ్చిమ గోదావరిలో ఊరి పేరుకు ముందే మిలటరీ అని చేర్చి పిలిచే ఊరు. ఇక్కడ స్మారకం ఉంది, ప్రపంచ యుద్ధాల నాటి నుంచి సైన్యంలోకి వెళ్ళినవారి పేర్లు ప్రతి ఇంట్లో వినిపిస్తాయి. అయినా గోదారిగట్టు గారు చెప్పిన ఫ్లెక్సీల బాధ ఇక్కడ లేదు, ఎందుకంటే కట్టినవాడి ఇంట్లోనూ ఒక పేరు ఉంటుంది.

రాతిబొమ్మ
గోదారిగట్టు గారి మాటకు జవాబు నా దగ్గర లేదు. అరుణ్ పేరు మీద ఉన్నవి మాత్రం చెబుతాను. జాతీయ రక్షణ అకాడమీలో కవాతు మైదానానికి ఆయన పేరు పెట్టారు, దెహ్రాదూన్ అకాడమీలో ఒక ఆడిటోరియానికి పెట్టారు. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో, పరమవీర చక్ర పొందిన 21 మంది విగ్రహాల మధ్య ఆయన విగ్రహం ఉంది. 2023 జనవరి 23న అండమాన్‌లో పేరు లేని 21 దీవులకు ఆ 21 మంది పేర్లు పెట్టినప్పుడు ఒక దీవి ఆయనది అయింది. వీటన్నిటిలో నాకు ఎక్కువగా తోచేది కవాతు మైదానమే. దీవికి మనుషులు వెళ్ళరు. ఆ మైదానంలో మాత్రం పద్దెనిమిదేళ్ళ పిల్లలు ప్రతిరోజూ ఆ పేరు మీద నడుస్తారు.

పాతట్యాంకు
అసలైనదాన్ని వదిలేశారు. ఫామగుస్తా తిరిగి వచ్చింది, అహ్మద్‌నగర్ కవచ దళ కేంద్రంలో నిలబెట్టారు. ఆయన సగంలో వదిలి వెళ్ళిన చదువు ఎక్కడో, ఆయన ట్యాంకు అక్కడికే చేరింది. నేను కుర్రవాడిగా అక్కడ శిక్షణలో ఉన్నప్పుడు మా ఉస్తాదు మమ్మల్ని దాని ముందు నిలబెట్టి, ప్రసంగమేమీ చేయకుండా, అందులో నలుగురూ ఎక్కడెక్కడ కూర్చుంటారో వేలితో చూపించి చెప్పమన్నాడు. డ్రైవరు స్థానం తప్పు చెప్పినవాడు ఆ రోజు మైదానం చుట్టూ పరుగెత్తాడు. వాడి పేరు చెప్పను, ఈ వేదికలో వాడు పాతట్యాంకు అనే పేరుతో రాస్తుంటాడు.

ప్రశ్నార్థకం
నవ్వు ఆపుకోలేకపోయాను.

సాగరతీరం
2001లో జరిగిన సంగతి ఇంకా ఎవరూ తేలేదు. అరుణ్ తండ్రి ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో తాము పుట్టి పెరిగిన సర్గోధా చూడాలని పాకిస్తాన్ వెళ్ళారు. లాహోరులో ఆయనకు ఆతిథ్యం ఇచ్చినవారు విరమించిన బ్రిగేడియర్ ఖ్వాజా మహమ్మద్ నాసర్. ఆ ఇంట్లో అందరూ ఆయనను అపురూపంగా చూసుకున్నారు. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి నాసర్ చెప్పారు, 1971లో తాను పాకిస్తాన్ ట్యాంకు రెజిమెంటైన 13 లాన్సర్స్‌లో మేజరునని, అరుణ్ చనిపోయినది తన చేతిలోనేనని. ఇద్దరూ ఒకరి మీద ఒకరు దాదాపు ఒకేసారి కాల్చుకున్నారు. నాసర్ బతికారు.

కారెంపూడి_కుర్రాడు
దీనిని మాత్రం పిల్లలకు చెప్పకండి. విజయ్ దివస్ నాడు శత్రువు ఇంట్లో భోజనం కథ ఏమిటి? పిల్లలు తికమకపడతారు.

సాగరతీరం
పల్నాటి ఉత్సవంలో ఓడినవారి వైపు వీరులకు పూజ లేదా సోదరా? మీ ఊరి సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

కారెంపూడి_కుర్రాడు
ఇదేదో నా మాటతోనే నన్ను కట్టేశారు. అక్కడ ఇరుపక్షాలూ చుట్టాలే, అందుకని. ఇక్కడ చుట్టరికం ఎక్కడుంది?

గోదారిగట్టు
సర్గోధాలో ఇల్లున్న ముసలాయన లాహోరు వెళ్ళాడు. ఆ మాత్రం చుట్టరికం ఉంది.

నిదానం
ఆ రాత్రి ఆ తండ్రి ఏం చేసి ఉంటాడన్నది నాకు అందని విషయం. ఉప్పు తిన్న ఇంట్లో, ఎదురుగా కూర్చున్న మనిషి నీ కొడుకును చంపినది నేనే అంటే, కోపం చూపలేడు, క్షమించానని అనడమూ అంత తేలిక కాదు. ఆయన కూడా సైనికుడు కనుక, అవతలివాడూ తన పని తాను చేశాడని అర్థం చేసుకోగలిగి ఉంటాడు. అర్థం కావడం వేరు, నిద్ర పట్టడం వేరు. టీచరు గారూ, ఇది చెప్పండి. తికమకపడితే పడనివ్వండి.

ఆవకాయ_అంతర్జాలం
చిన్న సంగతి. బోర్డు మీద పేరు ఎలా రాస్తారు? ఖేతర్‌పాల్, ఖేత్రపాల్, కేతార్పాల్ మూడూ చూశాను.

రాతిబొమ్మ
ఖేతర్‌పాల్ అనండి. మన క్షేత్రపాల శబ్దమే పంజాబులో ఆ రూపం తీసుకుంది. గుడిలో ముందుగా దండం పెట్టవలసిన క్షేత్రపాలకుడు ఉంటాడు చూడండి, అదే మాట. పొలానికైనా స్థలానికైనా కాపలా ఉండేవాడు.

ప్రశ్నార్థకం
ఆ మనిషికి ఆ పేరు. దీనికి మాత్రం ఫోన్ సందేశాల అవసరం లేదు.

చాక్‌పీసు
ఈ రోజు ప్రసంగం అయింది. పది నిమిషాలు పద్నాలుగు అయ్యాయి, ప్రధానోపాధ్యాయుల వారు గడియారం రెండుసార్లు చూశారు. నాలుగు ట్యాంకులు అనే చెప్పాను. నలుగురు మనుషుల పేర్లూ చెప్పాను. గోల్ఫు కర్రల దగ్గర పిల్లలు నవ్వారు, లాహోరు దగ్గర ఎవరూ చప్పుడు చేయలేదు. గోదారిగట్టు గారి మనియార్డరు సంగతి, పేరు ఊరు లేకుండా, చివర చెప్పాను. అనుమతి అడగనందుకు క్షమించాలి. బోర్డు మీద క్షేత్రపాలుడు అని రాసి, పక్కన ఖేతర్‌పాల్ అని రాశాను.

అంతా అయ్యాక ఆరో తరగతి పిల్లవాడు ఒకడు నా వెనకే వచ్చి, ట్యాంకుకు పైన మూత ఉంటుంది కదా, అది మూసుకుని కూర్చుంటే ఆయనకు తగిలేది కాదు కదా అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. పాతట్యాంకు గారూ, రేపు వాడికి చెప్పాలి.

గోదారిగట్టు
క్షమాపణ ఎందుకండీ. మా నానమ్మ ఉంటే మీ బడికే వచ్చేది.

పాతట్యాంకు
మూత ఉంటుంది, లోపలి నుంచి బిగించుకోవచ్చు కూడా. ట్యాంకు గుండు నేరుగా తగిలితే ఆ మూత ఆపలేదు. పైగా మూసుకుంటే చూడటానికి మిగిలేది చిన్న చిన్న అద్దాల సందులే. చుట్టూ దుమ్ము, పొగ, ఏ ట్యాంకు ఎటు నుంచి వస్తున్నదో తెలియదు. అందుకని చాలామంది కమాండర్లు తల బయట పెట్టే పోరాడతారు. ఆ బాబుకు అలాగే చెప్పండి.